మిర్చి సీజనులో మూడు యుద్ధాలు

బ్రాడీపేటలో చిరునామాకు రెండు అంకెలు చాలు. ఒకటి లైను, రెండోది అడ్డరోడ్డు. 4/14 అన్నారంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో అతనికైనా కొరియర్ కుర్రాడికైనా ఇంకో మాట అక్కర్లేదు. గుంటూరులో రైలు దిగి తెల్లవారుజామున ఈ లైన్లలోకి నడిచిన ప్రయాణికుడికి ముందుగా కనబడేవి బోర్డులు. కోచింగ్ సెంటర్లు, ఆసుపత్రులు, ల్యాబులు, వాటి నడుమ విదేశాల్లో ఎంబీబీఎస్ చదివిస్తామనే కన్సల్టెన్సీలు. ఒక బోర్డు మీద ఏడెనిమిది దేశాల జెండాలు వరసగా వేసి ఉన్నాయి. అందులో ఒక జెండా మీద తెల్ల కాగితం అంటించారు. కాగితం అంచుల్లోంచి నీలం, పసుపు రంగులు ఇంకా తొంగి చూస్తున్నాయి.

సందు మొగలో టీ కొట్టు. బల్ల మీద ఆనాటి పేపరు, మొదటి పేజీలో పశ్చిమాసియాలో మళ్ళీ సేనల మోహరింపు.

"బాబాయ్, ఒక టీ."

"కూర్చోండి బాబూ." గిన్నెలో పాలు కలుపుతూనే ఆయన పేపరు వైపు తల ఊపాడు. "మళ్ళీ మొదలయ్యేట్టుంది. మనోళ్ళు ఎంతమంది ఉన్నారో అక్కడ."

ఎవరిది న్యాయం, ఎవరు గెలుస్తారు అని కాదు. ముందు మనోళ్ళు ఎంతమంది. ప్రయాణికుడు ఈ ఊరు వచ్చిందే ఆ ప్రశ్న వెంట. తనది కాని యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు ఒక దేశం ఏం లెక్కవేసుకుంటుంది, ఏం మాట్లాడుతుంది, ఏం దాచుకుంటుంది అన్నది ఢిల్లీ కాగితాల్లో చదివాడు. ఇప్పుడు గుంటూరు నుంచి ఒంగోలు దాకా మిరప, పత్తి, పొగాకు పండే నేల మీద వెళుతూ చూడాలని బయలుదేరాడు. నోటుబుక్కులో మూడు యుద్ధాలు మొదలైన తేదీలు రాసుకున్నాడు: 1991 జనవరి 17, 2003 మార్చి 20, 2022 ఫిబ్రవరి 24. ఈ ప్రాంతం వాళ్ళకు వాటిలో ఒక పోలిక వెంటనే తడుతుంది. మూడూ మిరప కోతలప్పుడే వచ్చాయి.

లాడ్జి సెంటరులో ఆటో ఎక్కి మిర్చి యార్డుకు. గేటు రాకముందే గొంతులో ఘాటు దిగింది. రాత్రే వచ్చిన లారీలు వరస కట్టాయి. కమీషన్ కొట్ల ముందు టిక్కీలనే మిర్చి బస్తాలు ఒకదాని మీద ఒకటి మనిషెత్తు లేచి ఉన్నాయి. ముఖానికి తువ్వాలు కట్టుకున్న హమాలీలు తుమ్ముకుంటూనే బరువు మోస్తున్నారు. కొనేవాడు గోతం మూతి విప్పి లోపలికి చెయ్యి పోనిచ్చి పిడికెడు కాయ తీస్తాడు. రంగు, తొడిమ, తేమ చూస్తాడు. తాలు కాయ కనబడితే ధర అక్కడే తెగుతుంది. తేజ రకం వేరు, 334 రకం వేరు. గుంటూరు సన్నం మిర్చికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ సరుకు చైనాకు, బంగ్లాదేశ్‌కు, శ్రీలంకకు, థాయ్‌లాండ్‌కు, ఇండోనేషియాకు పోతుంది. అందుకే ఎక్కడో సముద్రంలో ఓడల దారి మారితే ఇక్కడ తెల్లారేసరికి ఒక మాట పుడుతుంది: "ఎగుమతి లేదండీ." అది నిజంగా యుద్ధం వల్లో, వ్యాపారి ఎత్తుగడ వల్లో తెలుసుకునే వీలు రైతుకు లేదు. 2023 చివర ఎర్ర సముద్రంలో యెమెన్ హౌతీల దాడులతో కంటైనర్ ఓడలు ఆఫ్రికా కొస చుట్టి తిరగడం మొదలైనప్పుడు కిరాయిలు, బీమా పెరిగాయి. కల్లంలో కాయ ఆరబెట్టుకుంటున్న మనిషికి యెమెన్ ఎక్కడుందో తెలియాల్సిన పని లేదు గానీ, యెమెన్‌కు ఆ మనిషితో పని పడింది.

యార్డు నుంచి బస్సు. గుంటూరు దాటితే రోడ్డుకు రెండు వైపులా కోల్డ్ స్టోరేజీలు, ఆ వెనక ఎర్రగా పరిచిన కల్లాలు. చిలకలూరిపేట 40 కిలోమీటర్లు. అటు పోయేకొద్దీ నల్లరేగడి చిక్కబడుతుంది, చివరి తీతలో ఉన్న పత్తి చేలల్లో తెల్లటి గింజ దూది అక్కడక్కడా వేలాడుతుంది. జిన్నింగ్ మిల్లుల ముందు ట్రాక్టర్లు ఆగి ఉన్నాయి.

ఈ పత్తి నేల పరాయి యుద్ధాన్ని మొదటిసారి చూసింది 1861లో. అమెరికాలో ఉత్తరానికీ దక్షిణానికీ యుద్ధం మొదలైన నెల రోజులకు, మే 13న, బ్రిటన్ రాణి పేరుతో తటస్థ ప్రకటన వెలువడింది. లాంకషైర్ మిల్లులకు పత్తిలో నాలుగింట మూడొంతులకు పైగా అమెరికా దక్షిణాది నుంచే వచ్చేది. అది ఆగిపోయేసరికి మిల్లులు మూతపడ్డాయి, కొనుగోలుదారుల చూపు భారతదేశం మీద పడింది, ధర ఎగిరింది. అప్పటికి గుంటూరు జిల్లా విడిగా లేదు. 1859లో కృష్ణా జిల్లాలో కలిపేశారు, తిరిగి వేరుపడింది 1904లో. ఈ నేలల్లో పండే పత్తిని వ్యాపారులు రేవు పేరుతో కోకనాడ పత్తి అనేవారు. 1865లో యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్ళీ ఓడ ఎక్కింది, ధర కూలింది. ఎత్తు చూసి అప్పు చేసినవాడికి అప్పే మిగిలింది.

ఆ రోజుల్లోని ఒక సంగతి ప్రయాణికుడికి ఎంతో ఇష్టం. 1862 డిసెంబరు 31న మాంచెస్టరులో మిల్లు కార్మికులు సభ పెట్టుకున్నారు. పత్తి రాక పస్తులున్నది వాళ్ళే. ఉత్తరాది విధించిన దక్షిణాది రేవుల దిగ్బంధాన్ని తమ ప్రభుత్వం బద్దలు కొడితే వాళ్ళ మగ్గాలే ముందు కదులుతాయి. అయినా వాళ్ళు లింకన్‌కు ఉత్తరం రాసింది బానిసత్వాన్ని తుదముట్టించమని. లింకన్ జనవరిలో బదులిచ్చాడు. ప్రభుత్వం తటస్థమన్నా, పూట గడవని మనుషులు నోరు తెరిచి ఒక పక్షాన నిలబడ్డారు. అదే ఏడు, అదే రాణి పాలనలో, చిలకలూరిపేట వైపు రైతుకు సభ లేదు, ఉత్తరం లేదు. తటస్థత అతని పేరు మీద కూడా ప్రకటించారు గానీ అతన్ని ఎవరూ అడగలేదు.

అడగకపోవడం అన్న మాట ఒంగోలు చేరేసరికి ఇంకా బరువెక్కింది. ఈ జిల్లాకు పేరిచ్చిన మనిషి టంగుటూరి ప్రకాశం పుట్టిన వినోదరాయునిపాలెం ఇక్కడికి దగ్గర. 1937లో మద్రాసులో ఏర్పడ్డ రాజాజీ మంత్రివర్గంలో ఆయన రెవెన్యూ మంత్రి. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. ఏ శాసనసభనూ అడగలేదు, ఏ నాయకుణ్ణీ పిలవలేదు. అక్టోబరు చివర మద్రాసు మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. నాజీలను సమర్థించినవాళ్ళు కారు వాళ్ళు. మా దేశాన్ని యుద్ధంలోకి దించేముందు మమ్మల్ని అడగాలి అన్నదే తగవు. రెవెన్యూ శాఖ చేతిలో ఉండి, జమీందారీ రైతుల కష్టం మీద విచారణ సంఘం నడిపి, నివేదిక ఇచ్చి, చట్టం ఇంకా రాకముందే కుర్చీ దిగడం చిన్న త్యాగం కాదు. జమీందారీ రద్దు కోసం రైతు మరో పదేళ్ళు ఆగాడు. ప్రకాశం జిల్లాలో కూర్చుని విదేశాంగ నీతి గురించి ఆలోచించేవాడు మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచేనని ప్రయాణికుడి నమ్మకం.

ఒంగోలు చుట్టుపక్కల ఫిబ్రవరి అంటే పొగాకు బ్యారన్ల కాలం. పొలాల్లో పొడుగ్గా, కిటికీలు లేకుండా నిలబడ్డ ఇటుక గదులు. లోపల కర్రలకు అల్లిన ఆకు కాలుతోంది, బయట తీపి, వగరు కలిసిన వాసన. ఈ ఆకును అమ్మిపెట్టే పొగాకు బోర్డు 1976లో పుట్టింది, ప్రధాన కార్యాలయం గుంటూరులోనే. 1980లలో ఈ బేళ్ళు ఎక్కువగా కొన్నది సోవియట్ యూనియన్, అదీ రూపాయి లెక్కలో. కాబట్టి 1990లో కువైట్ మీద ఇరాక్ దాడి చేసిన నాటికి ఇక్కడి రైతు బతుకు అప్పటికే ఒక పరాయి దేశపు ఆరోగ్యం మీద ఆధారపడి ఉంది. ఏడాదిన్నరలో ఆ దేశం కూడా లేకుండా పోయింది.

1990 ఆగస్టు 2. కువైట్‌లో, ఇరాక్‌లో కలిపి లక్షా డెబ్బై వేలమంది దాకా మనవాళ్ళు. కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన ఇంటి పనివాళ్ళు, డ్రైవర్లు, మేస్త్రీలు వాళ్ళలో ఉన్నారు. వి.పి.సింగ్ ప్రభుత్వానికి ఇంట్లోనే మండల్ రిజర్వేషన్ల మంటలు. విదేశాంగ మంత్రి ఐ.కె.గుజ్రాల్ బాగ్దాద్ వెళ్ళాడు, సద్దాం హుస్సేన్‌ను ఆలింగనం చేసుకున్న ఫొటో లోకమంతా తిరిగింది. ఆక్రమణదారుణ్ణి కావలించుకోవడమా అని చాలామంది మండిపడ్డారు. ఆ కోపం న్యాయమే. అయితే ఆ రోజు బస్రా మీదుగా, బాగ్దాద్ మీదుగా, జోర్డాన్ ఎడారిలోకి బస్సుల్లో వస్తున్నవాళ్ళకు సద్దాం సైనికుల అనుమతి కావాలి. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా 59 రోజుల్లో 488 విమానాలు నడిపి 1,11,711 మందిని ఇల్లు చేర్చింది. ఆ అంకె ముందు ఆ ఫొటోను క్షమించడం ప్రయాణికుడికి కష్టం కాలేదు. టీ కొట్టు పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఒక ప్రభుత్వం ఇంతకంటే నిజాయితీగా జవాబు చెప్పిన సందర్భం ఇంకొకటి లేదు.

క్షమించలేనిది ఆ తర్వాత జరిగింది.

నవంబరులో వి.పి.సింగ్ దిగిపోయాడు, కాంగ్రెస్ బయటి మద్దతుతో చంద్రశేఖర్ ప్రధాని అయ్యాడు. నవంబరు 29న భద్రతా మండలి 678వ తీర్మానం చేసి ఇరాక్‌కు జనవరి 15 దాకా గడువు పెట్టింది. యుద్ధం ఏ తేదీన రావచ్చో లోకమంతా కేలండరు చూసి చెప్పగలిగిన రోజులవి. జనవరి 1న మన దేశం ఆ మండలిలో సభ్యురాలైంది. పీపా చమురు ధర ఆగస్టుకు ముందు 20 డాలర్ల లోపు ఉన్నది అక్టోబరుకు 40 తాకింది. ఖజానాలో విదేశీ మారకం అడుగంటుతోంది, ఐఎంఎఫ్ అప్పు కోసం తిరుగుతున్నారు. అప్పుడే పసిఫిక్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళే అమెరికా సైనిక రవాణా విమానాలు బొంబాయిలో, ఆగ్రాలో, మద్రాసులో దిగి ఇంధనం నింపుకోవడానికి అనుమతి దొరికింది. పార్లమెంటులో చర్చ లేదు, జనానికి ప్రకటన లేదు. జనవరి ఆఖర్లో పత్రికలు బయటపెడితేగాని తెలియలేదు. రాజీవ్ గాంధీ, వామపక్షాలు గట్టిగా ఎదురు తిరిగాక ఫిబ్రవరిలో ఆగింది.

ఆ లోక్‌సభలో గుంటూరు సభ్యుడు ఆచార్య ఎన్.జి.రంగా. నిడుబ్రోలు రైతు బిడ్డ, అప్పటికి 90 ఏళ్ళు. 1939లో అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి లాగిన వైస్రాయిని కళ్ళారా చూసిన తరం మనిషి ఇంకా సభలో కూర్చుని ఉండగా, ఆ సభకు చెప్పకుండా మద్రాసు రన్‌వే మీద ఇంకొకరి యుద్ధానికి పెట్రోలు పోశారు. గత్యంతరం లేదన్నది ఆనాటి వాదన. ఉండకపోవచ్చు. ఆ ఏడాది జులైలో, తెలుగువాడైన పి.వి.నరసింహారావు ప్రధానిగా ఉండగా, 47 టన్నుల బంగారం విదేశాల్లో కుదువ పెట్టాల్సి వచ్చిన దేశం మనది. కానీ గతి లేదన్న మాటను సభలో లేచి చెప్పవచ్చు. అప్పుల్లో ఉన్న రైతు కూడా పొలం తాకట్టు పెట్టేముందు ఇంట్లో చెబుతాడు.

రాత్రి రైల్లో ప్రయాణికుడు మళ్ళీ గుంటూరు వైపు. చీరాల, బాపట్ల దాటాయి. నోటుబుక్కులో 2003 పేజీ అన్నిటికంటే కిక్కిరిసి ఉంది.

ఆ ఇరాక్ యుద్ధం ఏడాది ముందు నుంచీ వినబడుతూ వచ్చింది. 2002 నవంబరులో ఇరాక్‌పై భద్రతా మండలి 1441వ తీర్మానం. ఫిబ్రవరి 5న ఆ మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ చూపిన బొమ్మలు, వినిపించిన టేపులు. ఫిబ్రవరి 15న వందల నగరాల్లో జనం వీధుల్లోకి వచ్చారు. అదే నెలాఖరులో కౌలాలంపూర్‌లో అలీన దేశాల సభకు ప్రధాని వాజపేయి వెళ్ళాడు. గల్ఫ్ దేశాల్లో మనవాళ్ళు 30 లక్షలకు పైగా. దేశానికి కావలసిన చమురులో దాదాపు 70 శాతం దిగుమతి. అమెరికాతో స్నేహం అప్పుడప్పుడే చిగురిస్తోంది. ఐక్యరాజ్యసమితిని కాదని యుద్ధం వద్దంటూనే, అమెరికా పేరెత్తి తప్పు పట్టకుండా, మార్చిలో పార్లమెంటుకు వాజపేయి చెప్పింది మధ్యే మార్గం. మార్చి 20న బాంబులు పడ్డాయి. సైనిక చర్యకు సమర్థన లేదని విదేశాంగ శాఖ అదే రోజు అన్నది, తీవ్రమైన ఆవేదన వ్యక్తం చేసింది. ప్రతిపక్షానికి అది చాలలేదు. ఖండించాలి అన్నారు.

ఆ ఒక్క క్రియాపదం దగ్గర దేశం రెండు వారాలకు పైగా ఆగింది. అప్పటి సభలో తెలుగువాళ్ళ బరువు తక్కువది కాదు. బయటి నుంచి ప్రభుత్వాన్ని నిలబెట్టిన తెలుగుదేశానికి 29 మంది సభ్యులు, వాళ్ళ నాయకుడు కింజరాపు ఎర్రన్నాయుడు. పాలక బీజేపీకి అధ్యక్షుడు వెంకయ్య నాయుడు, ఎదుటి కాంగ్రెస్ గొంతు జైపాల్ రెడ్డి. చివరికి ఏప్రిల్ 8న లోక్‌సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇరాక్‌పై అమెరికా నాయకత్వంలో జరుగుతున్న సైనిక చర్యను తప్పు పట్టింది, ప్రభుత్వాన్ని మార్చడానికి దాడి చేయడం అంగీకారం కాదన్నది, యుద్ధం ఆపి సేనలు వెనక్కి వెళ్ళాలన్నది. ఇంగ్లీషు ప్రతిలో వాడిన మాట డిప్లోర్. హిందీ ప్రతిలో నిందా. ఇంగ్లీషు మాటకు పదును తక్కువ, అది వాషింగ్టన్ చదువుకోవడానికి. హిందీ మాటకు ఖండన అర్థం ఉంది, అది ఇంటివాళ్ళు వినడానికి. ఏ పక్షానికి కావలసింది ఆ పక్షానికి దొరికింది.

తెలుగువాడి చెవికి ఆ హిందీ మాట ఇంకోలా తగులుతుంది. మనకు నింద అంటే ఎక్కువగా చెయ్యని తప్పుకు పడేది. చవితి చంద్రుణ్ణి చూసినందుకు కృష్ణుడి మీద పడింది నీలాపనింద. నింద వేయడం అంటే రుజువు లేకుండా అనేయడం. హిందీలో ఇరాక్ యుద్ధానికి సరిపోయిన మాటను తెలుగులో అలాగే రాస్తే, అమెరికా మీద లేనిపోనిది కల్పించినట్టవుతుంది. మనకు సరైనది ఖండించడం. దానికంటే మెత్తనిది గర్హించడం, అది పుస్తకాల్లో తప్ప నోట పలకదు. ఇంకా మెత్తనిది విచారం, అది సంతాప సభ మాట. బ్రాడీపేట టీ కొట్టు దగ్గర ఇద్దరు మనుషులు ఆ తీర్మానం గురించి మాట్లాడుకోవాలంటే డిప్లోర్‌కూ కండెమ్‌కూ మధ్య ఉన్న ఆ సందు తెలుగులో లేదు. తప్పా, కాదా అనే ఉంది. భాష లోపంగా ప్రయాణికుడు దాన్ని చూడడు. సందు లేకపోవడమే మేలు చేసిన చోట్లున్నాయి.

తీర్మానం అయిన మర్నాడే బాగ్దాద్‌లో సద్దాం విగ్రహం కూలింది. ఇంత తర్జనభర్జన పడి, యుద్ధం ముగిసిపోయే వేళకు మాట దొరికిందని అప్పట్లో ఎద్దేవా చేసినవాళ్ళున్నారు. వాళ్ళు తొందరపడ్డారు. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. మే 22న భద్రతా మండలి 1483వ తీర్మానంతో ఆక్రమణను లెక్కలోకి తీసుకున్నాక, ఉత్తర ఇరాక్‌కు ఒక డివిజన్ సైన్యం, అంటే దాదాపు 17,000 మందిని పంపమని అమెరికా మనల్ని అడిగింది. ఢిల్లీలో పంపుదామన్నవాళ్ళు తక్కువేమీ కాదు. కాంట్రాక్టులు వస్తాయి, పెద్ద దేశాల సరసన కూర్చుంటాం అన్నారు. వద్దని సోనియా గాంధీ ప్రధానికి ఉత్తరం రాసింది. కమ్యూనిస్టు నాయకులు బర్ధన్, సుర్జీత్ వాజపేయిని కలిసినప్పుడు, మీరు నిరసన తెలుపుతున్నారా, నాకు వినబడటం లేదే, కాస్త గట్టిగా తెలపండి అని ఆయన అన్నట్టు ఢిల్లీలో చాలాకాలం చెప్పుకున్నారు. జులై 14న భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం తేల్చింది: ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా సైన్యాన్ని పంపేది లేదు.

ఏప్రిల్ నాటి ఆ ఏకగ్రీవ తీర్మానం లేకపోతే జులైలో ఆ "లేదు" వచ్చేదా? ప్రయాణికుడి అంచనా, వచ్చేది కాదని. సభ మొత్తం తప్పన్న యుద్ధానికి సభకు చెప్పకుండా మనుషుల్ని పంపడం ఏ ప్రధానికైనా కష్టం. మాట కోసం పోగొట్టుకున్నట్టు కనబడిన ఆ రెండు వారాలే 17,000 కుటుంబాలను కాపాడాయి. బ్రాడీపేటలో కమ్యూనిస్టు పార్టీ జిల్లా కార్యాలయం ఉంది. రైలు దిగి దాని ముందు నుంచి నడుస్తూ ప్రయాణికుడు కాసేపు నిలబడ్డాడు. ఇలాంటి ఆఫీసుల నుంచి ఎర్ర బ్యానరు పట్టుకుని సెంటరు దాకా నడిచే యాభైమందిని చూసి, వీళ్ళ అరుపులు బాగ్దాద్‌కు వినబడతాయా అని ఊళ్ళో అంటుంటారు. బాగ్దాద్‌కు వినబడనక్కర్లేదు. ఢిల్లీలో ఒక ప్రధాని ఆ అరుపుల కోసం చెవి ఒగ్గిన వేసవి ఒకటి ఉంది.

పొద్దున మళ్ళీ ఆ కన్సల్టెన్సీ బోర్డు. కాగితం అంటించిన ఉక్రెయిన్ జెండా కింద 2022 ఉంది. ఫిబ్రవరి 15న కీవ్‌లోని మన రాయబార కార్యాలయం విద్యార్థులకు సలహా ఇచ్చింది, తప్పనిసరి కాకపోతే ప్రస్తుతానికి వెళ్ళిపొమ్మని. తప్పనిసరి అంటే ఏమిటి? హాజరు పోతే ఏడాది పోతుందన్న భయం తప్పనిసరి కాదా? ఆన్‌లైన్ తరగతుల కోసం యూనివర్సిటీల వైపు చూస్తూ, టికెట్ల ధర చూస్తూ పిల్లలు ఆగిపోయారు. 22న మొదటి ప్రత్యేక విమానం వెళ్ళింది. 24న రష్యా దాడి మొదలైంది, ఆ రోజు వెళ్ళిన విమానం గగనతలం మూసేయడంతో సగం దారిలోంచి తిరిగొచ్చింది. మార్చి 1న ఖార్కివ్‌లో కర్ణాటక కుర్రాడొకడు చనిపోయాడు. నలుగురు కేంద్ర మంత్రులు సరిహద్దు దేశాలకు వెళ్ళారు, 90 విమానాలు నడిచాయి, 22,500 మంది దాకా ఇల్లు చేరారు. ఇక్కడ పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు ధర ఎగిరింది. అప్పట్లో మనం దిగుమతి చేసుకున్న ఆ నూనెలో అత్యధిక భాగం ఉక్రెయిన్, రష్యాలదే.

ఐక్యరాజ్యసమితిలో మనం ఓటు వేయలేదు. ఫిబ్రవరి 25న భద్రతా మండలిలో, మార్చి 2న సర్వసభ్య సభలో. సభలో 141 దేశాలు రష్యాను తప్పుపట్టాయి, 5 కాదన్నాయి, 35 పక్కన నిలబడ్డాయి, వాటిలో మనది ఒకటి. పిల్లలు రెండు సైన్యాల మధ్య బంకర్లలో ఉన్నారు, మాస్కోతోనూ కీవ్‌తోనూ ఫోను కలవాలి. ఆ వారం మట్టుకు ఆ మౌనానికి అర్థముంది. పిల్లలు వచ్చేశాక? ఏప్రిల్‌లో లోక్‌సభ రెండు రోజులు ఉక్రెయిన్ మీద చర్చించింది, బుచా హత్యలను విదేశాంగ మంత్రి జైశంకర్ తీవ్రంగా ఖండించాడు. కానీ అది 193వ నియమం కింద జరిగిన చర్చ. ఆ నియమం కింద తీర్మానం ఉండదు, ఓటు ఉండదు. ఏ క్రియాపదం దగ్గరా సభ ఆగాల్సిన అవసరం పడలేదు. 1991లోలా దాచలేదు, నిజమే. 2003లోలా తేల్చనూ లేదు. ఇది ప్రయాణికుడికి బాధ కలిగించే సంగతి. చవక చమురు కావాలి, ఆయుధాల విడిభాగాలు కావాలి, అందుకే అనలేకపోతున్నాం అని సభ తన నోటితో తీర్మానించి ఉంటే ఆయన ఒప్పుకోకపోయినా గౌరవించేవాడు.

టీ కొట్టు పెద్దాయన గుర్తుపట్టాడు. "రండి బాబూ. నిన్న ఒంగోలు అన్నారు, వెళ్ళొచ్చారా?"

వెళ్ళొచ్చానని చెప్పి, ప్రయాణికుడు నిన్నటి ప్రశ్నకు జవాబు చెప్పాడు. 1990లో ఇంతమంది, 2003లో గల్ఫ్ అంతటా ఇంతమంది, 2022లో పిల్లలు ఇంతమంది. పెద్దాయన గ్లాసు కడుగుతూ శ్రద్ధగా విన్నాడు. లక్షా పదకొండు వేలు విమానాల్లో వచ్చారంటే చెయ్యి ఆపి తలెత్తాడు.

"అంతమందినీ తెచ్చారా!" అన్నాడు. కాసేపాగి, "మరి ఆ యుద్ధం చేసేవాళ్ళతో మనోళ్ళు ఏమన్నారండీ?" అని అడిగాడు.

ప్రయాణికుడు నోటుబుక్కు తీసి, 2003 పేజీ దగ్గర వేలు పెట్టి, ఆ హిందీ మాటను ఆయనకు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు.